మనం ఎవరి తాలూకు?

గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి కనబడితే పెద్దలు అడిగే మొదటి మాట "ఎవరి తాలూకు బాబూ?" అని. సుమారు రెండువేల ఏళ్ల క్రితం సిరియాలోని అంతియొకయ పట్టణంలో యేసు శిష్యులకు వచ్చిన పేరులో ఆ ప్రశ్నకు జవాబు ఉంది. గ్రీకులో ఆ పేరు 'క్రిస్టియానోయ్'. హేరోదు పక్షం వారు హేరోదీయులు అయినట్టే, క్రీస్తు తాలూకు వారు క్రైస్తవులు.

శిష్యులు ఈ పేరును తమకు తాము పెట్టుకున్నట్టు కనిపించదు. తమలో తాము వారు సహోదరులు, పరిశుద్ధులు. న్యాయవాది తెర్తుల్లు వారిని నజరేయుల మతభేదం అన్నాడు. 'క్రైస్తవుడు' అనే మాట కొత్త నిబంధనలో మూడే చోట్ల ఉంది. అంతియొకయ సంగతి చెప్పేటప్పుడు ఒకసారి, అగ్రిప్ప రాజు నోట ఒకసారి, శ్రమపడే విశ్వాసులను పేతురు ధైర్యపరిచేటప్పుడు ఒకసారి. ఎక్కడా అది గొప్ప చెప్పుకోవడానికి వాడిన పేరు కాదు.

మన డెల్టాలో మాత్రం పేర్లు చాలా ఉన్నాయి. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేశారు. వారి సహవాసం శాఖ పేరే వద్దనుకుంది. అయినా లోకం వారిని 'బ్రదరన్' అని పిలిచింది. రాజమండ్రిలో 1845లో లూథరన్ సేవ, 1938లో దేవదాసు అయ్యగారి ద్వారా బైబిలు మిషను మొదలయ్యాయి. ప్రతి పేరు వెనుకా ఎందరి ప్రార్థనలో, ఎందరి త్యాగమో ఉంది. వాటిని మనం చులకన చేయకూడదు. కానీ పెళ్లి సంబంధం దగ్గర, సమాధుల స్థలం దగ్గర క్రీస్తు పేరు కన్న శాఖ పేరే ముందు నిలబడితే, మనం ఎవరి తాలూకు?

అంతియొకయ సంఘంలో యూదులు, యూదులు కానివారు కలిసి కూడుకున్నారు. బర్నబా, సౌలు అక్కడ ఏడాదిపాటు బోధించారు. క్లౌదియ చక్రవర్తి కాలంలో కరవు రాబోతోందని తెలియగానే, ఆ విశ్వాసులు ఎవరి శక్తికొద్దీ వారు కూర్చి, ఎన్నడూ చూడని యూదయ సహోదరులకు సాయం పంపారు. వారికి ఆ పేరు వచ్చిన అధ్యాయంలోనే ఈ సంగతీ ఉంది.

1986లోనూ, 2022లోనూ గోదావరి లంకలను ముంచినప్పుడు, నీ సంఘమేదని వరద ఎవరినీ అడగలేదు. బియ్యం పంచే చేతులూ అడగకూడదు. ప్రియులారా, బోర్డు మీద పేరు మనం రాసుకోగలం. క్రైస్తవులన్న పేరు మాత్రం మన నడత చూసి ఇరుగుపొరుగు ఇవ్వవలసిందే.