కొల్లూరు తాళాలు, ఇస్నాపూర్ కిరాయిలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు చాలావరకు బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కూలీల రెక్కల మీదే నడుస్తున్నాయి. ఇస్నాపూర్ సందుల్లో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు నడుం వాలుస్తాడు. అదే సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్ 22న ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించింది. అవి దక్కింది ఎక్కువగా హైదరాబాద్ బస్తీల వాళ్లకు. ఇల్లు ఇక్కడ, కూలి అక్కడ. దాంతో కొందరు తాళం వేసి వెళ్లిపోయారు, మరికొందరు నిబంధన కాదన్నా కిరాయికిచ్చారు. అధికారులకు ఇది మోసంగా కనబడుతోంది. నాకు మాత్రం, పని దగ్గర ఉండాల్సిన మనిషికి పని లేనిచోట పట్టా ఇస్తే ఏమవుతుందో చెప్పే సాక్ష్యంలా కనబడుతోంది.

ఢిల్లీకి ఈ సంగతి తెలియనిది కాదు. లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలతో 2020 మే 1న దేశంలోనే తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. సుమారు 1,200 మంది. కంది ఐఐటీ కట్టడాల కూలీలే ఎక్కువ. రెండు వారాలకే వలస కార్మికుల కిరాయి ఇళ్ల పథకం ప్రకటించారు. అదీ భవన సముదాయాల చుట్టూనే తిరిగింది, కిరాయి కట్టే మనిషిని పట్టించుకోలేదు. అమెరికాలో 1974 చట్టంతో వచ్చిన సెక్షన్ 8 విధానంలో పేద కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం కడితే, మిగతాది ఒక పరిమితి మేరకు ప్రభుత్వమే నేరుగా ఓనర్‌కు చెల్లిస్తుంది. బస్తీకి తిరిగి వెళ్లిన లబ్ధిదారు కొల్లూరు ఇల్లు వాపసు చేస్తే, పని ఉన్నచోట అలాంటి కిరాయి సాయం ఇవ్వొచ్చు. ఖాళీ అయిన ఇల్లు పాశమైలారం కార్మికుడికి కిరాయికివ్వొచ్చు.

సాయమిస్తే ఓనర్లు కిరాయి పెంచేస్తారనే మాటలో నిజముంది. అందుకే సాయానికి పరిమితి ఉండాలి, తాళాలు పడిన ఇళ్లూ వాడకంలోకి రావాలి. సర్కారు సాయం మీద బతికేవాళ్లకు ఓనర్లు ఇల్లివ్వరనే వాదన మాత్రం గురి తప్పింది. ముక్కూ మొహం తెలియని కూలీలకు ఇక్కడ రోజూ ఇస్తూనే ఉన్నారు. వాళ్ల జంకంతా సర్కారు చెల్లింపుల మీదే. 2024 అక్టోబరులో బకాయిలు రాలేదని రాష్ట్రంలో పలుచోట్ల గురుకులాల అద్దె భవనాల గేట్లకు ఓనర్లు తాళాలేశారు. అది చూసినవాళ్లు ఒట్టి మాట నమ్మి గది ఎందుకిస్తారు? ఆర్నెల్ల సొమ్ము ముందే విడి ఖాతాలో వేసి, ఒకటో తారీఖుకల్లా జమ చేస్తామంటే తప్ప ఈ పథకం మొదలుపెట్టనే కూడదు.

కొల్లూరులో తనిఖీకి వెళ్లే సిబ్బంది నోటీసుతో పాటు ఒక ప్రశ్న కూడా పట్టుకెళ్లాలి: మీ బస్తీలోనే కిరాయి సాయం ఇస్తే, ఈ తాళంచెవి తిరిగిస్తారా?