పైపు ఎక్కడుందో కాగితం మీద ఇవ్వండి

నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నగరంలో భూగర్భ డ్రైనేజీ వచ్చాక ఇంటి మురుగు పైపు చాలాచోట్ల ప్రహరీ పక్కగా పోతోంది. మొక్క నాటేదీ అక్కడే. బాగున్న పైపును వేరు పగలగొట్టడం అరుదు. అతుకు వదులై చెమ్మ బయటికొస్తే మాత్రం, వెంట్రుకంత పిల్లవేరు ఆ సందులో దూరుతుంది. లోపల నీరూ ఎరువూ దొరికి కుచ్చులా అల్లుకుంటుంది. దానికి జిడ్డు, గుడ్డపీలికలు పట్టుకుని మురుగు వెనక్కి తంతుంది. కాబట్టి తప్పంతా చెట్టు మీదకు నెట్టడం న్యాయం కాదు, అతుకు సరిగ్గా వేయకపోవడమూ తప్పే.

అలాగని ఏ చెట్టయినా ఎక్కడైనా నాటొచ్చని కాదు. రావి, మర్రి, కోనోకార్పస్ వేర్లు దూరం పాకుతాయి. కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది కూడా. పైగా మనది తుపాన్ల తీరం, పెద్ద చెట్టు కూలితే వేళ్లతో పాటు పైపూ లేస్తుంది. ఇన్ని షరతులు పెడితే జనం మొక్కలే మానేస్తారని కొందరంటారు. మానక్కర్లేదు. మందార, నందివర్ధనం, కరివేపాకు, మన గూడూరు నిమ్మ చిన్న పెరటికి సరిపోతాయి. నిమ్మను మురుగు లైనుకు పది అడుగుల ఎడంగా, వేప, మామిడిని అంతకు రెట్టింపు దూరంలో పెట్టుకుంటే మంచిది. కానీ లైను ఎక్కడుందో తెలియకుండా ఎడం ఎలా కొలుస్తాం? సిబ్బందికి భారమనకండి, కనెక్షన్ గుంత పూడ్చకముందే గోడ నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు అని రాయడానికి టేపు, కాగితం చాలు. ఆ కొలతల పటాన్ని ప్రతి ఇంటికీ ఇప్పించండి, అతుకులు నీళ్లు నింపి పరీక్షించాకే మట్టి కప్పేలా ఆదేశించండి.