ఏ పాట ముందు?

ఒక చలనచిత్రంలోగాని, ఒక రాక్ బృందం కూర్చిన ఆల్బంలోగాని పది పాటలున్నప్పుడు, వాటిలో ఏ ఒకటి రెండింటిని ముందుగా విడిపాటలుగా లోకానికి వినిపించవలెనన్నది పైకి వర్తకుల సమస్యగా కనబడుతుంది. కాని ఆ పాట పుట్టిన ప్రాంతాన్ని గురించి లోకం ఏమి తెలుసుకుంటుందన్నది కూడ ఆ ఎంపికపైనే చాలవరకు ఆధారపడి ఉన్నది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలకు ఈ ప్రశ్న ఇటీవల రెండు చిత్రాల మూలంగా ఎదురైనది.

విడిపాట మొదట యంత్రపు పరిమితి వలన పుట్టినది. 78 తిరుగుళ్ల గ్రామఫోను రికార్డులో ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే పట్టేది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ దీర్ఘకాలం మోగే ఎల్‌పీ రికార్డును, మరుసటి యేడు ఆర్‌సీఏ విక్టర్ సంస్థ 45 తిరుగుళ్ల చిన్న రికార్డును ప్రవేశపెట్టినవి. అప్పటి నుండి నిండు సంపుటి ఒకటి, అందులో నుండి ఏరిన పాట ఒకటి అను రెండు రూపాలు స్థిరపడినవి. చిన్నదానిని రేడియోలో విన్నవారు పెద్దదానిని కొంటారన్నది సంస్థల లెక్క.

ఈ లెక్క ఎల్లప్పుడు సరిపోలేదు. బీటిల్స్ బృందం 'సార్జెంట్ పెప్పర్స్' సంపుటి కొరకు మొదట రికార్డు చేసిన 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్' పాటలు 1967 ఫిబ్రవరిలో విడిగా వెలువడి, అందువల్లనే సంపుటిలో చోటు కోల్పోయినవి. 1975లో క్వీన్ బృందం పాడిన 'బొహీమియన్ రాప్సొడీ' దాదాపు ఆరు నిమిషాల పాట. అంత దీర్ఘమైనది రేడియోకు పనికిరాదన్న సందేహం సంస్థవారికి కలిగినది. అయినను అది బ్రిటనులో తొమ్మిది వారాలపాటు అగ్రస్థానాన నిలిచినది. శ్రోతల ఓపికను సంస్థలు తక్కువగా అంచనా వేయడం కొత్త సంగతి కాదు.

తెలుగునాట ఒకప్పుడు చిత్రంలోని పాటలన్నీ ఆడియో విడుదల సభనాడు ఒకే క్యాసెట్టుగా వెలువడేవి. ఇప్పుడు క్యాసెట్టు పోయి ఇంటర్నెట్టు వచ్చినది. పాటలు వారాల వ్యవధితో ఒక్కొక్కటిగా వస్తున్నవి. యంత్రపు పరిమితి తొలగినది గాని, దాని స్థానంలో శ్రోత తీరిక అనే పరిమితి వచ్చి కూర్చున్నది.

'ఆర్‌ఆర్‌ఆర్' చిత్రం 2022 మార్చి 25న విడుదలైనది. అంతకు ముందే, 2021 ఆగస్టులో 'దోస్తీ', నవంబరులో 'నాటు నాటు', డిసెంబరులో 'కొమురం భీముడో' వెలువడినవి. వీటిలో 'నాటు నాటు'ను ఆనందించడానికి కథ తెలియనక్కరలేదు. లయ చాలును, అడుగు చాలును. అందుకే అది భాష రానివారిని సైతం ఆకట్టుకొని, 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబును, మార్చిలో ఆస్కారును గెలుచుకొన్నది. 'కొమురం భీముడో' అటువంటిది కాదు. కొరడా దెబ్బలకు మోకరిల్లక నిలిచిన వీరుని మనోవేదన అది. సుద్దాల అశోక్‌తేజ రచించిన ఈ పాటను పాడిన కాలభైరవకు 2023 ఆగస్టులో ప్రకటించిన జాతీయ పురస్కారాలలో ఉత్తమ గాయకుని గౌరవం దక్కినది.

ఆదిలాబాదు దృష్టితో చూచినప్పుడు ఈ రెండు పాటల భేదం స్పష్టమవుతుంది. మొదటి పాట ఎంత ప్రపంచఖ్యాతి పొందినను, దానిని విన్న విదేశీయునకు జోడేఘాట్ అనే ఊరున్నదని తెలిసే అవకాశం లేదు. రెండవది వీరుని పేరు చెప్పి, అతడెవరని అడిగిస్తుంది. చిత్రకథ కల్పితం. చరిత్రలోని కొమురం భీము అడవి మీద, నేల మీద గోండుల హక్కు కొరకు నిజాం ప్రభుత్వంతో పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగినాడు. పాట విని ప్రశ్న వేసిన విద్యార్థికి ఈ సంగతి చెప్పే ఉపాధ్యాయుడు ఉంటేనే ఆ పాట సార్థకమవుతుంది.

'బలగం' ఇంకొక పాఠం చెప్పుచున్నది. వేణు యెల్దండి దర్శకత్వంలో సిరిసిల్ల ప్రాంతంలో చిత్రీకరించిన ఈ సినిమా 2023 మార్చి 3న విడుదలైనది. ఇందులోని 'ఊరు పల్లెటూరు' పాట విడిగా విన్నను పల్లెను కళ్ల ముందు నిలుపుతుంది. దాని రచయిత కాసర్ల శ్యామ్‌కు 2025 ఆగస్టులో జాతీయ పురస్కారం ప్రకటించినారు. కాని ప్రేక్షకులను ఏడిపించినది చిత్రాంతంలో బుడగజంగాల కళాకారులైన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట. చనిపోయిన ఇంటిపెద్ద బతుకును అతని బలగానికే వినిపించే గానం అది. ముందరి కథ అంతా చూచినవారికే దాని బరువు తెలుస్తుంది. ఊరి నడుమ తెర కట్టి జనమంతా కూడి ఆ చిత్రాన్ని చూచిన పల్లెలు తెలంగాణలో అనేకం. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూసినారు.

ఈ నేల మీది పాటకు మొదటి నుండి స్వభావమే అది. ఒగ్గు కళాకారులు మల్లన్న కథ చెప్పేటప్పుడు మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైనదో విడదీయడం కష్టం. గోండుల పురాగాథలను పర్ధానులు కిక్రి వాద్యం మీద గానం చేస్తారు. అక్కడ పాటను కథే మోస్తున్నది. మూడు నిమిషాల కొలతతో ఏరితే అటువంటి గానం ఎన్నడును ఎంపికకు రాదు.

అందుచేత విడిపాటను నిందించి ప్రయోజనం లేదు. అది లేకున్న నిండు కథ దగ్గరకు వచ్చేవారే తగ్గుతారు. కోరదగినది ఒక్కటే. కథ అక్కరలేని పాటను ఒకటి పంపినప్పుడు, కథను అడిగించే పాటను మరియొకటి దాని వెంట పంపవలెను. 'ఆర్‌ఆర్‌ఆర్' విషయంలో ఆ రెండును జరిగినవి, రెండింటికిని గౌరవం లభించినది. ఒక ప్రాంతపు పాటలలో అడుగు కదిలించేవి మాత్రమే ఎన్నికైతే, ఆ ప్రాంతం లోకానికి వినోదంగా మిగులుతుంది. పేరు అడిగించే పాట కూడ ఎన్నికైనప్పుడే అక్కడి మనుషులు లోకానికి తెలుస్తారు.