వంకర నక్షత్రమే ముద్దు

క్రిస్మస్ వస్తే మదనపల్లె, పుంగనూరు అంగళ్లలో ప్లాస్టిక్ నక్షత్రాలు వేలాడతాయి. అంగన్‌వాడీలో వాటినే కొని కట్టడం మాకు నచ్చదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్.లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటపాటల చదువూ ఒక భాగమే. కాగితం చించడం, మడవడం, అతికించడం ఆ చదువే. వేళ్లకు పట్టు చిక్కితేనే రేపు బలపం నిలుస్తుంది.

దీనికి పాత పేపర్లు, మైదాపిండి బంక చాలు. కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో పనికిరాని గూళ్లను కాగితంపై అతికిస్తే అవే నక్షత్రాలు. కత్తెర మాత్రం టీచరు దగ్గరే ఉండాలి.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పుస్తకం కన్నా ముందు మాకు కావలసి వచ్చింది "నేను చేయగలను" అనే ధైర్యం. కూలివాళ్ల బిడ్డకు అది చిన్ననాడే అందాలి.

మిత్రులారా! సెలవుల్లో ఒక పూట మన ఊరి అంగన్‌వాడీలో కూర్చుందాం. నక్షత్రం వంకరపోయినా దిద్దకుండా అలాగే కడదాం.