న్యాయస్థానమునకు చెట్టునీడ అక్కఱలేదా?

బెంగుళూరులో తరతరములుగా స్థిరపడిన తెలుగువారలమగు మాకు అఠారా కచేరి చిరపరిచితము. 1868లో పూర్తియైన ఆ ఎఱ్ఱని భవనమే నేటి కర్ణాటక ఉన్నత న్యాయస్థానము. దానిని ఆనుకొని 1870లో నెలకొల్పిన కబ్బన్ ఉద్యానవనము కలదు. వ్యాజ్యమునకై వచ్చినవాడు ఆ చెట్ల నీడను క్షణమాగి ఊపిరి పీల్చుకొనగలడు.

ఇట్టి భాగ్యము ఎన్ని కచేరీలకు కలదు? పెక్కుచోట్ల ఇనుపతలుపులు, సిమెంటు నేల, వాహనముల బారులు! నిర్దోషియు అచ్చట దోషివలె తలవంచుకొనవలసివచ్చును. తోటలు విలాసమనియు, కాపలాకు అడ్డమనియు కొందఱందురు. మేమంగీకరింపము. వేపమొక్క పాలరాతికంటె ఖరీదైనదా? మన పూర్వులు రచ్చబండను చెట్టుక్రిందనే కట్టిరి. వాదిప్రతివాదులిరువురకును ఆ నీడ సమానమే.

వాయిదాకై దినమెల్ల వేచియుండు ముసలితల్లికి, పరభాషలో తన గోడు వినిపింపవలసిన పేదవానికి, ముందుగా కావలసినది ధైర్యము. ఎత్తైన గోడ దానిని హరించును, చెట్టునీడ ప్రసాదించును. కావున కొత్త న్యాయస్థానమునకు పటము గీయునాడే చెట్లకును చోటు గీయవలెనని మా వాదము.