కరుణ చాలదు – సేవాసంస్థలలో వృత్తిధర్మం

వికలాంగుల సేవకై వెలసిన సంస్థను దర్శింపబోయినప్పుడు మనం సాధారణంగా భవనాన్ని చూస్తాం, పడకలను లెక్కిస్తాం, దాతల పేర్లు చెక్కిన శిలాఫలకాన్ని చదువుతాం. పిల్లలకు పండ్లు పంచి, ఫోటో తీయించుకొని, చెమర్చిన కన్నులతో తిరిగి వస్తాం. అక్కడ పనిచేసేవారెవరు, వారిని ఎవరు ఎట్లా చూస్తున్నారు, ఎవరి కొరకు ఆ సంస్థ ఏర్పడినదో వారికి నిర్ణయాలు జరిగే గదిలో ఒక్క కుర్చీ అయినా ఉన్నదా అని మాత్రం అడుగము. సేవాసంస్థకు అసలు పరీక్ష అక్కడనే ఉన్నదని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు గ్రంథాల వలన కలిగినది కాదు. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో నాకొక సహాధ్యాయి ఉండేవాడు. పుట్టుకతోనే చూపు లేదు. సాయంకాలం వసతిగృహం మెట్లమీద కూర్చుండి నేను ప్రబంధాలు చదివితే అతడు వినేవాడు. ఒకసారి విన్న పద్యం అతనికి కంఠస్థం. యతి దగ్గర నేను తడబడితే వెంటనే ఆపి సరిదిద్దేవాడు. పరీక్షలలో నాకన్న అతనికే ఎక్కువ మార్కులు వచ్చినవి. చదువు ముగిసిన పిదప, అంధబాలుర కొరకు నడుస్తున్న ఒక సంస్థలో తెలుగు ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు చేసికొన్నాడు. నేను వెంట వెళ్ళినాను. అక్కడి పెద్దలు ఎంతో ఆదరంగా మాట్లాడినారు, టీ ఇప్పించినారు. చివరకు నా వైపు తిరిగి, "పిల్లలను అదుపులో పెట్టాలంటే చూపు ఉండాలి కదండీ! మీ మిత్రునికి కొన్నాళ్ళు భోజన వసతి కావాలంటే ఇక్కడ ఏర్పాటు చేస్తాం" అన్నారు.

అన్నవారు దుర్మార్గులు కారు. ఆ మాటలోని కాఠిన్యం వారికి తెలియనే తెలియదు. చూపులేని బాలునికి అన్నం పెట్టుటకు సిద్ధపడిన సంస్థ, అతడే పెద్దవాడై, విద్యావంతుడై, జీతం అడుగవస్తే తలుపు మూసినది. అంటే అక్కడి పిల్లలకు ప్రతిదినమూ చెప్పకనే ఒక పాఠం చెప్పుచున్నదన్నమాట: "నీవెంత చదివినా, నీ కొరకే పుట్టిన మేము కూడ నిన్ను నమ్మము" అని. తిరుగు ప్రయాణంలో మిత్రుడు ఒక్కటే మాట అన్నాడు: "ఉద్యోగం ఇవ్వకపోతే పోనీ. దరఖాస్తు నాది. వాళ్ళు మాట్లాడింది నీతో."

ఈ విషయంలో చట్టం మౌనంగా లేదు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో 3 శాతం కేటాయించినది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. అది ఆ కోటాను 4 శాతానికి పెంచినది. 21 రకాల వైకల్యాలను గుర్తించినది. సంస్థలు సమానావకాశ విధానాన్ని ప్రకటించాలన్నది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం సంభవించిన వానిని ప్రభుత్వ సంస్థ ఏదీ తొలగించరాదని, పదవి తగ్గించరాదని శాసించినది. వికలాంగునికి అవసరమైన సముచిత సౌకర్యం నిరాకరించుట కూడ వివక్షయే అని సుప్రీంకోర్టు 2021లో ఒక తీర్పులో విశదంగా చెప్పినది. పరీక్షలో చేయిసాగని అభ్యర్థి తనకు లేఖకుని సహాయం కావాలని కోరిన వ్యాజ్యమది. మెట్లు ఉన్న భవనానికి ర్యాంపు లేకపోవుట దురదృష్టం కాదు, అన్యాయం అన్నమాట.

అదే చట్టంలో 92వ సెక్షను చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించినది. వికలాంగుని తన సంరక్షణలో ఉంచుకొన్నవాడు బుద్ధిపూర్వకంగా అతనికి అన్నపానీయాలు ఇవ్వకున్నచో ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు కారాగార శిక్ష. సంరక్షకుడే అన్నం ఎగగొట్టునని శాసనకర్తలు ఊహింపవలసి వచ్చినదంటే, నాలుగు గోడల నడుమ ఏమి జరుగుచున్నదో వారు ఎరిగియే ఉండాలి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, మనోవ్యాధిగ్రస్తులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకొని 28 మంది మరణించినారు. వారు పారిపోలేకపోయినారు. కారణం నిప్పు వేగం ఒక్కటే కాదు. వారి కాళ్ళకు గొలుసులున్నవి. మనోరోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా నిషేధించినది. గొలుసు వేసినవారు తాము హింసించుచున్నామని అనుకొని ఉండరు. "వారి క్షేమం కొరకే" అని అనుకొని ఉంటారు. కరుణ మాత్రమే ఉండి ధర్మం లేనిచోట జరిగే ప్రమాదం ఇది.

ఇక రెండవ వైపు చూడవలసి ఉన్నది. కొన్నేండ్ల క్రితం విద్యార్థులను వెంటబెట్టుకొని మరొక పట్టణంలోని ఒక ఆశ్రయానికి వెళ్ళినాను. అతిథుల రాక ఆలస్యమైనందున పిల్లలను రెండు గంటలకు పైగా వరుసలో కూర్చుండబెట్టినారు. వారిని లాలించుచు, చొంగ తుడుచుచు ఒక ఆయా అటునిటు తిరుగుచున్నది. రాత్రివేళ ఇరవైమందికి పైగా పిల్లలకు ఆమె ఒక్కతే దిక్కు. మూడు నెలలుగా జీతం లేదు. ఒక పిల్లవాని వీపుమీది వాతలు చూచి పైవారికి చెప్పబోతే, "సంస్థ పరువు తీస్తావా?" అని గద్దించినారట. ఆ సభలో వక్తలందరూ సేవను గురించియే మాట్లాడినారు. ఆయాకు కూర్చొనుటకు చోటు చూపినవారు లేరు.

వికలాంగుల హక్కులు వేరు, ఉద్యోగుల హక్కులు వేరు అని మనం భావిస్తాం. నా దృష్టిలో అవి ఒకే తాటికి రెండు కొనలు. పైనుండి అవమానం పొందిన ఉద్యోగి దానిని తనకన్న బలహీనుని మీదికి దించుట లోకంలో చూచుచునే ఉన్నాం. సేవాసంస్థలో ఆ చివరి బలహీనుడు మాట రాని పిల్లవాడు. సంస్థ పరువు పేరున ఆయా నోరు మూయించిననాడు ఆ పిల్లవానికి ఉన్న ఒక్క నోరూ మూయబడినది. పదిమంది అయినా పనిచేసే ప్రతిచోట స్త్రీల ఫిర్యాదులకు ఒక అంతర్గత సంఘం ఉండవలెనని 2013 నాటి చట్టం చెప్పుచున్నది. దాతల పేర్లున్న గోడమీద ఆ సంఘ సభ్యుల పేర్లు కూడ ఉన్నవా అని సందర్శకులు ఒకసారి చూచుట మంచిది.

ఈ సంస్థలకు నిధులు లేవు, దాతలను నొప్పిస్తే పూటగడవదు అని కొందరంటారు. ఇందులో సత్యం లేకపోలేదు. ఎన్నో సంస్థలను కొద్దిమంది నిస్స్వార్థపరులు తమ ఆయువు ధారపోసి నిలుపుచున్నారు. వారికి నమస్కారం. కాని వికలాంగునితో అతని ముఖం చూచి మాట్లాడుటకు నిధులు కావాలా? ఫిర్యాదు పుస్తకం ఒకటి ఉంచుటకు, పాలకవర్గంలో ఒక వికలాంగునికో, ఒక తల్లికో చోటిచ్చుటకు ఎంత ఖర్చవుతుంది?

సేవాసంస్థలు నగరాలలో ఉంటవి, జైనూరులో ఈ చర్చ ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. మన జైనూరుకే ఈ చర్చ చక్కగా అమరుతుంది. మన పొరుగుననే మార్లవాయి ఉన్నది. 1943లో హైమెన్‌డార్ఫ్ ప్రోద్బలంతో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ మొదలైనది. గోండు పిల్లలకు చదువు చెప్పుటకు గోండు యువకులనే ఎన్నుకొని తర్ఫీదునిచ్చినారు. గోండీ భాషలో వాచకాలు తయారుచేసినారు. "వీరికి అక్షరమే రాదు, వీరు ఇతరులకు ఏమి నేర్పుతారు?" అనే సందేహం దగ్గర ఆగిపోయి ఉంటే ఆ పని జరిగేది కాదు. ఎవరి కొరకు సంస్థయో వారినే ఆ సంస్థకు కర్తలను చేయుట అనే సూత్రం మన గడ్డమీద ఎనిమిది దశాబ్దాల క్రితమే ఆచరణకు వచ్చినది.

ఆ సూత్రానికి నేటి ఉదాహరణ కూడ ఉన్నది. మచిలీపట్నం ప్రాంతపు పల్లెలో చూపు లేకుండ పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పదవ తరగతి తరువాత సైన్సు చదువుటకు అనుమతి దొరకలేదు. న్యాయస్థానానికి వెళ్ళి సాధించుకొన్నాడు, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివినాడు, తిరిగి వచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి వికలాంగులకు ఉద్యోగాలిచ్చినాడు. అది ధర్మసత్రం కాదు, కర్మాగారం. అక్కడివారు పుచ్చుకొనేది దానం కాదు, జీతం.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినబడుతవి. ఉర్దూ విద్యార్థులకు ఖైరాత్, అమానత్ అనే రెండు మాటల తేడా తెలియనిది కాదు. ఖైరాత్ మన ఇష్టం కొద్దీ ఇచ్చేది. అమానత్ ఇతరులు నమ్మి మన చేతిలో ఉంచినది; లెక్క చెప్పవలసినది. తల్లి తన బిడ్డను సేవాసంస్థ గడపలో దించినప్పుడు అమానత్‌ను అప్పగిస్తున్నది. మనం దానిని ఖైరాత్ అనుకొంటున్నాం. హక్కు అనే మాట ఉర్దూ నుండే తెలుగులోకి వచ్చి మనదైపోయినది. మాట వచ్చినట్లే దాని భావం కూడ మన నడతలోకి రావలసి ఉన్నది. వికలాంగులు అన్నాం, విభిన్న ప్రతిభావంతులు అన్నాం, 2015 తరువాత దివ్యాంగులు అంటున్నాం. పేరు మారినంతలో తలుపు తెరుచుకోదు.

పాలకవర్గం వారికి నా విన్నపం స్వల్పం. నడువలేని విద్యార్థి ఒక్కడున్నా అతని తరగతి కింది గదిలో జరగాలి. లేఖకుని కొరకు విద్యార్థి కాళ్ళరిగేలా తిరుగనవసరం లేకుండ కళాశాలయే ఆ బాధ్యత వహించాలి. రేపు ఒక ఉద్యోగానికి వికలాంగుడు దరఖాస్తు చేసికొంటే, మొదటి ప్రశ్న అతనినే అడగాలి. విద్యార్థులు సేవాసంస్థలకు వెళ్ళినప్పుడు కెమెరా ఇంటివద్ద విడిచి, ఒక పూట ఆయాతో పాటు పనిచేసి రావాలి. మీలో కొందరు రేపు ప్రత్యేక ఉపాధ్యాయులు, నర్సులు, సంస్థల కార్యదర్శులు అవుతారు. నేడు అలవడిన చూపే రేపు మీ చేతిలోని అధికారాన్ని నడిపిస్తుంది.

ఆ నా మిత్రుడు ఇప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. అతని విద్యార్థులందరూ చూపున్నవారే. వెనుక బల్లమీద ఎవరు గుసగుసలాడినా పేరుపెట్టి పిలుస్తాడు. ఒకరోజు వెళ్ళి అతని తరగతి గుమ్మంలో నిలబడినాను. పిల్లలు పద్యం వల్లిస్తున్నారు. ఒక బాలుడు యతి దగ్గర తడబడినాడు. మిత్రుడు వెంటనే ఆపి, సరిదిద్ది, ముందుకు నడిపించినాడు. అతనిని కాదన్న ఆ సంస్థలోని బాలురు ఎంతటి గురువును పోగొట్టుకొన్నారో నాకు ఆ క్షణాన తెలిసినది.