కల్లుగీత కార్మికుని ఏడాది

వైను నిపుణులు ఏడాది చివర తమ పనినీ, బ్రతుకునూ నెమరువేసుకొని వ్రాసేవి చదువుతుంటాను. మేలిరకం వైను సీసాపై ద్రాక్ష కోసిన సంవత్సరం సైతం ముద్రితమై ఉంటుంది. మన కల్లుగీత కార్మికునికి ఆ భాగ్యం లేదు. ఉదయం దించిన కల్లు సాయంత్రానికే పులుస్తుంది. అయినను చలికాలం ఈత, వేసవి తాడి అంటూ అతని ఏడాదీ చెట్ల లెక్కన సాగుతుంది.

మోకు, ముత్తాదులే ఆధారంగా నిత్యం ఎక్కి దిగాలి. పట్టు తప్పితే ప్రాణాపాయం. తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పంపిణీ మొదలుపెట్టడం మెచ్చదగినదే. కవచం దేహాన్ని కాపాడుతుంది; ఆ వృత్తి పలుకుబడిని కాపాడేదెవరు? మోకు, ముత్తాదు, లొట్టి వంటి మాటలు వారితోనే అంతరించకముందే, వారి ఏడాదిని వారి నోటనే విని వ్రాసుకోవడం మన విధి అని నా అభిప్రాయం. మీ ఊరి మాటలు మీరూ వ్రాయండి.